ఇంజిన్‌కి మే నెల కూడా చలికాలమే

(జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఒంగోలులో బాడుగ కార్ల డ్రైవర్లు, సొంత కార్లున్నవాళ్లు, కొందరు పాలిటెక్నిక్ విద్యార్థులు కలిసి కూర్చున్నప్పుడు, 32 ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న ఒక పెద్దాయన చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

సంక్రాంతి వెళ్లి వారం కూడా కాలేదు. ఊళ్లకు వచ్చినవాళ్లు తిరిగి పోయే రోజులు, బాడుగలు బాగా దొరికే రోజులు. వాటిని వదులుకుని ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామంది కనపడుతున్నారు. అందుకని మీకు పనికొచ్చే మాటే చెప్తాను.

ఈ బల్ల మీద కరెంటు పొయ్యి, స్టీలు గిన్నె ఎందుకున్నాయా అని ఇందాకటి నుంచి చూస్తున్నారు. గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి ఇప్పుడే వేశాను. అవి కాగేలోపు కొంత నేను చెప్తాను, మిగతాది గిన్నెలోనే చూద్దురుగాని.

మా చెల్లెలి కూతురు అమెరికాలో మిన్నియాపొలిస్‌లో ఉంటుంది. కావలిలో పుట్టి పెరిగిన పిల్ల. డిసెంబరులో ఫోన్ చేసి, "మామయ్యా, నా కారుకి ఏదో అయింది. వేసవిలో గ్యాలనుకి 30 మైళ్లు ఇచ్చేది, ఇప్పుడు 23 వస్తే గొప్ప. చూపిస్తే ఏమీ లేదు పొమ్మన్నారు. నాకు నమ్మకం కుదర్లేదు" అంది. మన లెక్కలో లీటరుకి 13 దాకా ఇచ్చే బండి 10కి దిగిపోయిందన్నమాట.

"అక్కడ చలెంతమ్మా?" అన్నాను.

"మైనస్ 15."

"ఆఫీసు ఎంత దూరం?"

"నాలుగు మైళ్లు."

"పొద్దున్నే బండి ఎంతసేపు స్టార్ట్ చేసి ఉంచుతావు?"

"పావుగంట మామయ్యా. లేకపోతే లోపల కూర్చోలేం."

"బండికి ఏమీ కాలేదు తల్లీ, చూసినవాళ్లు సరిగ్గానే చెప్పారు" అన్నాను.

ఆ దేశంలో ఇంధన శాఖవాళ్లు ఈ లెక్క కట్టి జనానికి చెప్తుంటారు. బయట 25 డిగ్రీలున్నప్పుడు ఒక పెట్రోలు కారు ఊళ్లో ఇచ్చే మైలేజీ, బయట మైనస్ 7 అయినప్పుడు 15 శాతం దాకా పడిపోతుంది. అదే ఐదారు కిలోమీటర్ల చిన్న తిరుగుళ్లయితే 24 శాతం దాకా పోవచ్చు. పెట్రోలు ఇంజిన్, బ్యాటరీ మోటారు రెండూ ఉండే హైబ్రిడ్ కార్లలో ఇంకా ఎక్కువ, 30 నుంచి 34 శాతం. మా పిల్ల కారులో తగ్గింది ఆ 24కి దగ్గరగానే ఉంది. నాలుగు మైళ్ల దూరం, పావుగంట ఊరికే తిరిగే ఇంజిన్, మైనస్ 15. ఇంకా తగ్గకపోవడమే నయం.

మీలో ఎవరికైనా అనిపిస్తుంది, ఒంగోలులో కూర్చుని అమెరికా చలి సంగతి మాకెందుకయ్యా అని. మనకు మహా అయితే ఈ జనవరిలో తెల్లవారుజామున 20 డిగ్రీలు, ఒక్కోరోజు ఒకటి రెండు తక్కువ. పడమటి వైపు మార్కాపురం, గిద్దలూరులో ఇంకాస్త చల్లగా ఉంటుంది. అంతే కదా. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. తప్పుగా అనుకున్నాను. ఆ తప్పు వల్ల కొందరి డబ్బు కూడా పోయింది. ఆ సంగతి దాచను, చెప్తాను.

చలి అని మనం ఒంటికి తెలిసినదాన్ని బట్టి అంటాం. 20 డిగ్రీలకే మనకు దుప్పటి కావాలి. ఇంజిన్‌కి హాయిగా ఉండే వేడి ఎంత? 90 డిగ్రీల దగ్గర. దాన్ని చల్లబరచడానికి లోపల తిరిగే నీళ్లు అంత వేడికి వస్తేనే అది కుదురుగా పనిచేస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. మిన్నియాపొలిస్‌లో మైనస్ 15 నుంచి 90కి రావాలంటే 105 డిగ్రీలు ఎక్కాలి. ఈ రోజు పొద్దున ఒంగోలులో 20 నుంచి 90కి, 70 డిగ్రీలు. మే నెలలో రోళ్లు పగిలే ఎండలో, 40 డిగ్రీల మధ్యాహ్నం, నీడన ఆపి ఉంచిన కారు? 50 డిగ్రీలు. వాళ్లు ఎక్కేదాంట్లో దాదాపు సగం మెట్లు మనం నడివేసవిలో కూడా ఎక్కుతున్నాం. ఇంజిన్ లెక్కలో మే నెల కూడా చలికాలమే. నేను ఇక్కడికి వచ్చింది ముఖ్యంగా ఈ ఒక్కమాట చెప్పడానికి.

ఆ మెట్లు ఎక్కే నాలుగైదు నిమిషాల్లో లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చెప్తాను. పాలిటెక్నిక్ పిల్లలకు ఇది తెలిసే ఉండొచ్చు.

పెట్రోలు నీరులా ఉన్నప్పుడు మండదు. ఆవిరై గాలితో కలిస్తేనే మండుతుంది. చల్లటి ఇంజిన్‌లో చాలా పెట్రోలు ఆవిరి కాకుండా లోపలి గోడలకి అంటుకుని ఉండిపోతుంది. కాబట్టి మండాల్సినంత ఆవిరి తయారుకావాలంటే ఎక్కువ పెట్రోలు పొయ్యాలి. కార్బ్యురేటర్ బండ్లు తోలినవాళ్లు ఇక్కడున్నారు. పొద్దున్నే, గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే చోక్ లాగి సెల్ఫ్ కొట్టేవాళ్లం, బండి అందుకున్నాక చోక్ తోసేవాళ్లం. తొయ్యడం మర్చిపోతే ఏమయ్యేది? నల్లపొగ, పెట్రోలు వాసన, ప్లగ్గులు మసి. ఇప్పుడు చోక్ లేదని అనుకోకండి. ఉంది. కంప్యూటరు చేతిలో ఉంది. నీళ్ల వేడి ఎంతుందో ఒక సెన్సర్ చెప్తుంది, ఆ లెక్కన అది ఎక్కువ పెట్రోలు చిమ్ముతుంది. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఒకటుంటుంది, పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా అని చెప్పేది. అది కూడా సుమారు 300 డిగ్రీలు వేడెక్కితే గాని నోరు విప్పదు. అంతవరకు కంప్యూటరు అంచనా మీదే పోస్తూ ఉంటుంది.

రెండోది ఆయిలు. ఈ నెలలో ఇంట్లో నెయ్యి గిన్నె చూశారా, పేరుకుని ఉంటుంది. ఇంజిన్ ఆయిలు అలా గడ్డకట్టదు గాని చిక్కబడుతుంది. మామూలు 20డబ్ల్యూ-40 ఆయిలు 100 డిగ్రీల దగ్గర ఎంత పలచగా ఉంటుందో, 40 డిగ్రీల దగ్గర దానికి ఏడెనిమిది రెట్లు చిక్కగా ఉంటుంది. 20 డిగ్రీలకి ఇంకా చిక్కన. ఆ చిక్కటి ఆయిల్లో పిస్టన్లు, క్రాంకు, బేరింగులు తిరగాలి. ఆ బరువంతా పెట్రోలు మీదే పడుతుంది. ఆ పేరులో డబ్ల్యూ అన్నది వింటర్, అంటే చలికాలం. దానికి ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిలు అంత తేలిగ్గా పారుతుంది. ఇప్పుడొచ్చే కార్లకి 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 రాసిస్తున్నది ఊరికే కాదు. "మన ఎండలకి పలచటి ఆయిలు ఆగదు" అని పాత అలవాటు కొద్దీ చిక్కటిది పోయించేవాళ్లు నాకు బాగా తెలుసు. కంపెనీ పుస్తకంలో ఏ నంబరుంటే అదే పోయించండి. మన ఎండలు తెలిసే ఆ పుస్తకం రాశారు.

ఇంకో సంగతి. డ్యాష్‌బోర్డు మీద వేడి ముల్లు మధ్యకు వచ్చిందంటే నీళ్లు వేడెక్కాయని. ఆయిలు ఇంకా వేడెక్కలేదు. దానికి ఇంకో పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట పడుతుంది. గేరుబాక్సులో ఆయిలు, చక్రాల బేరింగుల్లో గ్రీజు, టైర్ల రబ్బరు, ఇవి నిలబెట్టి ఉంచితే అసలు వేడెక్కవు. నడిస్తేనే.

ఇప్పుడు ఊళ్లో మనం కార్లు ఎలా వాడుతున్నామో చూడండి. లాయరుపేటలో ఇల్లు, కర్నూలు రోడ్డులో దుకాణం. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించి వచ్చి ఆపుతారు. గంటాగి కూరగాయలకు. మధ్యాహ్నం భోజనానికి. సాయంత్రం గుడికి. నాలుగు సార్లు తీస్తే నాలుగు సార్లూ ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తున్నారు. పాపం ఆ ఇంజిన్ రోజంతా మెట్లు ఎక్కడమే తప్ప పైకి చేరింది లేదు. ఆ కారు ఊళ్లో లీటరుకి 10 ఇస్తే కంపెనీని తిట్టుకుంటారు. అదే కారు నెల్లూరుకి పోయిరండి, పోనూ రానూ 240 కిలోమీటర్లు, 18, 19 ఇస్తుంది. హైవే కాబట్టి అనుకుంటాం. అదీ నిజమే. కానీ 240 కిలోమీటర్లలో ఇంజిన్ చల్లగా ఉన్నది మొదటి ఏడెనిమిది కిలోమీటర్లే అన్నది కూడా అందులో ఉంది.

అందుకే మా ఇంట్లో పనులన్నీ ఒక్క తిరుగుడులో కట్టేశాం. బ్యాంకు, సరుకులు, మందులు, మా అమ్మాయి ఇల్లు, వరసగా. ముందు దూరం ఉన్న చోటికి పోయి ఇంజిన్ వేడెక్కాక దగ్గరివి చూసుకుంటూ రావడం. మధ్యలో పది నిమిషాలు ఆపినా ఆ వేడి పోదు.

నీళ్లు కాగుతున్నట్టున్నాయి. థర్మామీటరు 74 చూపిస్తోంది. ముందు వరసలో ఉన్నవాళ్లు కాస్త దగ్గరకు రండి. వెనకాలవాళ్లు నిలబడండి, కనపడుతుంది.

నా చేతిలో ఉన్నది థర్మోస్టాట్ వాల్వ్. అర చెయ్యంత కూడా లేదు చూడండి. మధ్యలో ఈ ఇత్తడి గొట్టంలో మైనం ఉంటుంది. చుట్టూ స్ప్రింగు. ఈ అంచు మీద 82 అని కొట్టి ఉంది, అంటే 82 డిగ్రీలకి తెరుచుకోవడం మొదలవుతుంది. కొన్నిటి మీద 88 ఉంటుంది. ఇది ఇంజిన్‌కి, వేడి నీళ్లను గాలికి చల్లార్చే రేడియేటర్‌కి మధ్యలో గేటు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉంటుంది, నీళ్లు ఇంజిన్ లోపలే తిరుగుతాయి, గబగబా వేడెక్కుతాయి. కావలసిన వేడి వచ్చాక మైనం కరిగి ఉబ్బి ఈ పుల్లని తోస్తుంది, గేటు తెరుచుకుంటుంది, అప్పుడే నీళ్లు రేడియేటర్‌కి పోతాయి.

దారం కట్టి నీళ్లలో వేలాడదీస్తున్నాను. అడుగుకి తగలకూడదు. మూసే ఉంది కదా... 78... ఇప్పుడు 80. ఇంకా మూసే ఉంది. 82... 83. అదిగో, ఆ సందు చూశారా? దారం లావున తెరుచుకుంది. మైనం మెత్తబడింది. ఇంకా వేడెక్కేకొద్దీ ఆ సందు పెరుగుతుంది. కరెంటు లేదు, కంప్యూటరు లేదు, మైనం ముద్ద ఒక్కటి. నేను వందలసార్లు చూశాను దీన్ని, ఇప్పటికీ చూస్తూ ఉండిపోతాను.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

మన వైపు ఒక అలవాటుంది. కొత్త బండి రాగానే, లేదా ఒకసారి హీట్ ఎక్కగానే, ఈ వాల్వ్ పీకి పారెయ్యడం. "మన ఎండలకి ఇది ఎందుకన్నా, తీసేస్తే నీళ్లు ఎప్పుడూ తిరుగుతా ఉంటాయి, బండి హీట్ ఎక్కదు" అని. ఈ మాట నా షెడ్డులో నేను చాలామందికి చెప్పాను. నా చేత్తో చాలా బండ్లకు తీశాను.

ఒక బాడుగ డ్రైవరు ఉండేవాడు, డీజిల్ కారు, ఎక్కువగా తిరుపతి బాడుగలు. ఒక మే నెలలో గూడూరు దగ్గర ఈ వాల్వ్ మూసుకుని ఇరుక్కుపోయింది, బండి హీట్ ఎక్కి ఆవిర్లు కక్కింది. లాక్కొచ్చి నా దగ్గర పెట్టాడు. కొత్త వాల్వ్ వెయ్యాల్సింది. పాతది తీసేసి, ఊరికే మూత బిగించి పంపాను. రెండు నెలలకు వచ్చి, "అన్నా, లీటరుకి రెండు కిలోమీటర్లు తగ్గింది, ఏందో చూడు" అన్నాడు. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. తగ్గిందే ఉంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి బాగుచేయించడానికి పంపించాను, అప్పట్లో దానికి మంచి ఖర్చు. కొంచెం కూడా మారలేదు. ఆయన ఏమీ అనలేదు, నమ్మినవాడు. ఆ నమ్మకమే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

జనవరిలో ఒకరోజు పొద్దున ఆరు గంటలకు వచ్చాడు, బ్రేకుల పని మీద. బండి స్టార్ట్ చేసి ఉంది, నేను ఏదో చూస్తూ రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉంది. స్టార్ట్ చేసి రెండు నిమిషాలు కాలేదు. కింద గొట్టం పట్టుకున్నాను, అదీ గోరువెచ్చగానే ఉంది. అప్పుడు వెలిగింది. గేటు లేదు. ఇంజిన్‌లో పుట్టిన కాస్త వేడినీ రేడియేటర్ ఎప్పటికప్పుడు గాల్లో పారబోస్తోంది. ఆ బండి తిరుపతి దాకా పోయినా 60, 65 డిగ్రీలు దాటి ఉండదు. ముల్లు ఎప్పుడూ కిందే ఉంటే ఆయన సంతోషించాడు, నేనూ సంతోషించాను, బండి చల్లగా ఉందని.

కొత్త వాల్వ్ నా డబ్బుతో వేశాను. వారానికి మైలేజీ తిరిగి వచ్చింది. ఇంజెక్టర్ల డబ్బు ఇస్తానంటే తీసుకోలేదు. ఆ తర్వాత నా దగ్గర వాల్వ్ తీయించుకున్నవాళ్లలో గుర్తున్నవాళ్లందరికీ కబురు పెట్టాను. కొందరే వచ్చారు.

మీ బండికి వాల్వ్ ఉందో లేదో, ఉంటే పనిచేస్తోందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రాత్రంతా ఆగిన బండి పొద్దున్నే స్టార్ట్ చెయ్యండి. చొక్కా చేతులు, కండువా వేలాడకుండా చూసుకుని, ఫ్యాను రెక్కలకు దూరంగా, రేడియేటర్‌కి వచ్చే పై గొట్టం మీద చెయ్యి పెట్టండి. మొదటి కొన్ని నిమిషాలు చల్లగా ఉండాలి. తర్వాత ఉన్నట్టుండి వేడి రావాలి. అలా కాకుండా మొదటి నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే గేటు లేనట్టే, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తియ్యకండి. దాని వల్ల మొహాలు కాలినవాళ్లను చూశాను.

వాల్వ్ తీసేస్తే ఎండలో హీట్ ఎక్కదన్నది కూడా అన్ని బండ్లకూ నిజం కాదు. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వే తెరుచుకునేటప్పుడు ఇంకో పక్క దారిని మూస్తుంది. వాల్వ్ లేకపోతే ఆ పక్క దారి తెరిచే ఉంటుంది, నీళ్లు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన తిరిగొస్తాయి. అప్పుడు మే నెలలో ఇంకా హీట్ ఎక్కుతుంది.

అసలు వాల్వులు ఎందుకు ఇరుక్కుంటున్నాయి? మన నీళ్ల వల్ల. కనిగిరి, దర్శి, పొదిలి వైపు బోరు నీళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. బిందెలకు తెల్లటి పక్కు కడుతుంది. అదే పక్కు రేడియేటర్ సన్న గొట్టాల్లో, వాల్వ్ స్ప్రింగు మీద కడుతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లకు బదులు, దానికని అమ్మే కూలెంట్ పోయించండి. సంవత్సరాల తరబడి బోరు నీళ్లతో నడిపి, వాల్వ్‌ని తిట్టి ప్రయోజనం లేదు.

చల్లటి ఇంజిన్ మైలేజీ ఒక్కటే తినదు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. నమ్మరేమో గాని నిజం. వేడి ఇంజిన్‌లో అది ఆవిరిగా సైలెన్సర్ లోంచి పోతుంది. పొద్దున్నే సైలెన్సర్ చివర చుక్కలు చుక్కలుగా కారేది అదే. చల్లటి ఇంజిన్‌లో కొంత ఆవిరి పిస్టన్ల పక్కనుంచి కిందకి దిగి ఆయిల్లో నీరవుతుంది. గోడలకంటిన పెట్రోలు కొంత దాంట్లోనే కలుస్తుంది. ఒక రిటైరయిన మాస్టారి కారు నా దగ్గరకు వచ్చింది. మూడేళ్లకు 4000 కిలోమీటర్లు కూడా తిరగలేదు, బడి దాకా, గుడి దాకా. ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపల మీగడ. టీ రంగులో, వేలితో తీస్తే వచ్చేంత దళసరి మీగడ. ఇంజిన్ తలకీ ఒంటికీ మధ్య నీళ్లు, ఆయిలు కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయినా అలాగే వస్తుంది, కాబట్టి అదీ చూశాను. గాస్కెట్ బాగానే ఉంది. ఇంజిన్ ఏనాడూ పూర్తిగా వేడెక్కలేదు, అంతే. "మాస్టారూ, వారానికోసారి చీమకుర్తి దాకా పోయి రండి" అన్నాను. తక్కువ తిరిగే బండికి కిలోమీటర్లు చూసి కాదు, నెలలు చూసి ఆయిలు మార్చాలి.

పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టే సంగతి. ఇది మన ఊళ్లలో ఒక ఆచారంలా ఉంది. సెల్ఫ్ కొట్టి, బండి తుడిచి, పూలు పెట్టి, టీ తాగి వచ్చేదాకా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. చిన్న కారు నిలబడి తిరిగితే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. పది నిమిషాలంటే నూరు మిల్లీలీటర్లు, అటూ ఇటూగా, అంటే ఒక టీ గ్లాసు. నెలకు మూడు లీటర్లు. దాంతో సింగరాయకొండ పోయి రావచ్చు. నిలబడి ఉన్న ఇంజిన్ వేడెక్కేది కూడా నిదానంగానే, డీజిలైతే మరీ నిదానం. సెల్ఫ్ కొట్టి, సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు సర్దుకునే అర నిమిషం చాలు. తర్వాత మొదటి నాలుగైదు కిలోమీటర్లు మెత్తగా తోలండి, రేస్ చెయ్యకండి. పూలూ టీ ముందే కానిచ్చి, ఆ తర్వాతే తాళం తిప్పండి.

టైర్ల గాలి గురించి రెండు మాటలు. వేడి ఐదున్నర డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ, అంటే గాలి మీటరు మీద ఒక అంకె, తగ్గుతుంది. 38 డిగ్రీల మధ్యాహ్నం 33 పట్టించిన టైరు, 20 డిగ్రీల తెల్లవారుజామున 30 చూపిస్తుంది. అక్టోబరులో పట్టించి జనవరి దాకా చూడని బండి, ఈదుతున్నట్టు నడుస్తుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూపించుకోండి.

గాలి కూడా చలికి చిక్కబడుతుంది. 40 డిగ్రీల గాలికంటే 20 డిగ్రీల గాలి ఏడు శాతం దాకా బరువు. మన హైవే మీద 100లో పోయేటప్పుడు బండి ఎక్కువగా పోరాడేది ఆ గాలితోనే.

"మరి నాకు చలికాలంలోనే మైలేజీ బాగా వస్తోంది కదా" అని ఎవరో అంటున్నారు. వస్తుంది. ఎందుకంటే ఏసీ ఆపారు. బాగా మండే ఎండలో ఏసీ వేస్తే, అందులోనూ చిన్న తిరుగుళ్లకు, పాతిక శాతం పైన కూడా మైలేజీ పోవచ్చని అదే అమెరికా శాఖవాళ్లు చెప్తున్నారు. ఎండలో ఏసీ తినేది ఆగింది కాబట్టి, చలి తినేది మీకు కనపడట్లేదు. మిన్నియాపొలిస్‌లో చలి ముందుకొచ్చి కనపడుతుంది, ఇక్కడ ఏసీ చాటున దాక్కుంటుంది.

నిజంగా చలి ఉన్న చోట్లకు పోయే లారీ డ్రైవర్లు ఉన్నారా? ఒకరు ఇద్దరు చేతులెత్తారు. మీకు తెలిసే ఉంటుంది, డీజిల్లో మైనం ఉంటుంది. చలి బాగా ముదిరితే ఆ మైనం గడ్డలు కట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. లడఖ్‌లో అందుకే డీజిల్లో కిరోసిన్ కలుపుకునేవాళ్లు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్‌వాళ్లు అక్కడికని వేరే డీజిల్ తెచ్చారు, మైనస్ 33 డిగ్రీల దాకా పారేది. కెనడాలో విన్నిపెగ్ లాంటి ఊళ్లలో కార్లు ఆపే చోట కరెంటు ప్లగ్గులుంటాయి. రాత్రి కారుకి వైరు తగిలించి పోతారు, ఇంజిన్ గడ్డకట్టకుండా లోపల హీటరు కాస్తూ ఉంటుంది. మా పిల్లకి కూడా అదే చెప్పాను, అలాంటి హీటరు పెట్టించుకోమని, పావుగంట నిలబెట్టడం తగ్గించమని.

ఇక మీరు అడగండి.

(ఒక డ్రైవరు: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు పోయిస్తే ఎక్కువ వస్తుందంటారు, నిజమేనా?)

పెట్రోలు పది డిగ్రీల వేడికి ఒక శాతం దాకా ఉబ్బుతుంది, ఆ మాట నిజం. కానీ బంకులో ట్యాంకు భూమిలో ఉంటుంది. పైన ఎండ కాసినా మంచు పడినా కింద పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా పెద్దగా ఉండదు. దానికోసం నిద్ర చెడగొట్టుకోవద్దు.

(ఒక కారు యజమాని: నా కారు ఐదేళ్ల కిందటిది. ఈ మధ్య మైలేజీ తగ్గింది. చలి వల్లా, పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ వల్లా?)

రెండూ ఉండొచ్చండీ. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడో వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే రాశారు, మామూలు పెట్రోలుకి తయారై ఈ10కి, అంటే పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి, సరిచేసిన కార్లలో ఇరవై శాతం కలిపిన ఈ20 పోస్తే 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని. దానికి తోడు ఇథనాల్ ఆవిరి కావాలంటే పెట్రోలు కంటే ఎక్కువ వేడి కావాలి. అంటే చల్లటి ఇంజిన్‌లో దాని ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఏది ఎంత తింటోందో తెలియాలంటే ఒక పని చెయ్యండి. ట్యాంకు ఫుల్ చేయించి ఒక వారం మీరు మామూలుగా తిరిగినట్టే తిరిగి లెక్క కట్టండి. మళ్లీ ఫుల్ చేయించి, ఆగకుండా కావలి పోయి వచ్చి లెక్క కట్టండి. కావలి లెక్క బాగుండి ఊళ్లో లెక్క బాగా పడిపోతే, మీ మైలేజీ చల్లటి ఇంజిన్ తింటోంది. రెండూ ఒకేలా తగ్గితే పెట్రోలు వైపు, టైర్ల వైపు, ఆ వాల్వ్ వైపు చూడాలి.

(ఒక విద్యార్థి: ఎలక్ట్రిక్ కారుకి ఇంజిన్ లేదు కదా సార్, దానికి చలి బాధ ఉండదా?)

మంచి ప్రశ్న బాబూ. దానికే ఎక్కువ. పెట్రోలు కారులో పోసిన పెట్రోలులో పావు వంతు, అటూ ఇటూగా, చక్రాలు తిప్పుతుంది, మిగతాది వేడిగా పోతుంది. ఆ పోయే వేడితోనే చలిదేశాల్లో కారు లోపల వెచ్చగా ఉంచుకుంటారు, హీటరుకి వేరే ఖర్చు లేదు. ఎలక్ట్రిక్ కారులో పారబోసే వేడి లేదు, కాబట్టి హీటరు కూడా బ్యాటరీనే తినాలి. బ్యాటరీ లోపలి రసాయనం కూడా చలిలో మందగిస్తుంది. మైనస్ 7లో హీటరు వేసి నడిపితే ఒక్క చార్జింగుకి పోయే దూరం 40 శాతం దాకా తగ్గినట్టు అమెరికాలో పరీక్షించి చూశారు. అందులో ఎక్కువ భాగం హీటరుకే పోయింది. మన జిల్లాలో ఆ బాధ లేదు. 20 డిగ్రీలు బ్యాటరీకి సుఖమైన వాతావరణం, హీటరు ఎవరూ వెయ్యరు. ఊళ్లో రోజుకు నాలుగు సార్లు చిన్న చిన్న తిరుగుళ్లు తిరిగేవాళ్లకి, నిజం చెప్పాలంటే, అదే సరైన బండి. మెట్లెక్కే పని దానికి లేదు.

నీళ్లు ఇంకా కాగుతున్నాయి. వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ఉంది. పొయ్యి ఆపుతాను, చల్లారేకొద్దీ ఎలా మూసుకుంటుందో చూడాలనుకునేవాళ్లు ఒక్కొక్కరుగా రండి. గిన్నె ముట్టుకోకండి, దారం మాత్రం పట్టుకుని పైకెత్తి చూడండి.